నాలుగవ లంకె

వంటపనిలో ఉన్న తల్లులు, డ్యూటీ నుండి అలసి వచ్చిన తండ్రులు, పరీక్షలకు చదువుకొంటున్న బిడ్డలు, ఒక పది నిమిషములు నాతో ఉండండి. ఈ దినమున మీతో చిటికెన వేలంత ఉక్కు లంకె ఒకదాని గురించి మాట్లాడాలని ఆశపడుతున్నాను.

కొన్ని సంవత్సరముల క్రితం అమెరికాలో ఉద్యోగం చేసుకొంటున్న మా అక్క కుమారుని ఇంటిలో కొన్నాళ్ళు ఉన్నాను. ఒక శుక్రవారం సాయంకాలం వాడు నా దగ్గరకు వచ్చి, "మావయ్యా, రేపు మీకొకటి చూపిస్తాను, అమ్మకు మాత్రం చెప్పకండి" అన్నాడు. సంగతేమిటంటే, వాడు ఆదివారం గుడికి వెళ్తాడు, శనివారం విమానంలో నుండి దూకుతాడు! పారాచూట్ వేసుకొనే దూకుతాడు లెండి. అయినా నా గుండె ఝల్లుమన్నది.

ఆ మధ్యనే వాడు ఎవరో వాడిన పారాచూట్ ఒకటి కొన్నాడు. దానిని దూకేవాని భుజాల పట్టీలకు తగిలించి సరిచూడాలి. ఆ పని తెలిసి, లైసెన్సు పొందినవారిని అక్కడ రిగ్గర్ అంటారు. మేమిద్దరం ఒక పెద్దవయసు రిగ్గర్ దగ్గరకు వెళ్ళాము. పొడవాటి బల్ల మీద ఆ గుడ్డను పరచి, ఆయన నాకు చంటిబిడ్డకు చెప్పినట్లు వివరించాడు.

పైన గుడ్డ ఉంటుంది. గుడ్డ నుండి సన్నని తాళ్ళు అనేకం క్రిందికి వస్తాయి. అవి నాలుగు గుంపులుగా చేరతాయి. మనిషి భుజాల దగ్గర నుండి నాలుగు గట్టి పట్టీలు పైకి లేస్తాయి. వాటిని రైజర్లు అంటారు. తాళ్ళ గుంపుకూ రైజరుకూ మధ్య ఒక లంకె ఉంటుంది. అంటే మొత్తం నాలుగు లంకెలు. పైన ఎంత గొప్ప గుడ్డ ఉన్నా, క్రింద ఎంత గట్టి పట్టీ ఉన్నా, మనిషి వ్రేలాడేది ఆ నాలుగింటి మీదనే.

ఆయన ఆ నాలుగింటినీ వ్రేలితో తడిమి, నాలుగవదాని దగ్గర ఆగిపోయాడు. నాకైతే నాలుగూ ఒకేలా ఉన్నాయి. అదే కోడిగ్రుడ్డు ఆకారం, అదే మెరుపు, ప్రక్కన అదే మర తిప్పే నట్టు. "కళ్ళద్దాలు పెట్టుకొని చూడండి" అన్నాడు. మూడింటి మీద తయారుచేసినవారి పేరు, మోయగల బరువు చెక్కి ఉన్నాయి. నాలుగవదాని మీద ఏమీ లేదు. గొలుసులు, తాళాలు అమ్మే మామూలు దుకాణంలో కొన్నది! పాత యజమాని ఒక లంకె పోగొట్టుకొని, పోలిన దానిని తగిలించి ఉంటాడు.

మావాడి ముఖం చిన్నబోయింది. ఆ సైజు లంకెలు రిగ్గర్ దగ్గర అయిపోయాయి, మంగళవారం గాని రావు. ప్రియులారా, అప్పుడు నేనేమన్నానో సిగ్గుతో చెప్తున్నాను. "అయ్యా, మూడు మంచివే గదా, రేపు ఒక్కరోజుకు ఏదో సర్దుబాటు చేయండి" అన్నాను. బోధకుడను నేనే ఆ మాట అన్నాను! బిడ్డ ముఖం చూచి జాలిపడ్డాను. మన నోటికి ఈ "సర్దుబాటు" ఎంతగా అలవాటయిందో చూడండి.

ఆయన కోపపడలేదు. నెమ్మదిగా ఇలా చెప్పాడు. "బోర్లా పడే మనిషి వేగం గంటకు ఇంచుమించు 190 కిలోమీటర్లు. గుడ్డ విచ్చుకొన్న కొద్ది సెకన్లలో ఆ వేగమంతా తగ్గిపోవాలి. గట్టిగా విచ్చుకొంటే అతని బరువుకు ఎన్నో రెట్లు లాగుడు పడుతుంది. అది నాలుగు లంకెలకూ సమానంగా పంచబడుతుందని ఎవరు చెప్పారు? శరీరం ఒక ప్రక్కకు ఒరిగితే ఒకదాని మీదనే ఎక్కువ పడవచ్చు. ఒక్కటి విడిపోతే గుడ్డ ఆకారం చెడి మనిషి గిరగిర తిరుగుతాడు."

"రెండవ పారాచూట్ ఉంటుంది గదా?" అన్నాను. "ఉంటుంది. దానిని రిజర్వు అంటాము. మా దేశపు చట్టము ప్రకారం 180 రోజులకు ఒకసారి రిగ్గరే దానిని విప్పి, పరీక్షించి, మడిచి, ముద్ర వేయాలి. 2008కి ముందు ఆ గడువు 120 రోజులే. కాని అది ఆపద కొరకు ఉన్నది, నిర్లక్ష్యము కొరకు కాదు. దానిని కూడ పట్టుకొనేది లంకెలే" అన్నాడు.

తరువాత మంచి లంకెను ఎలా ఎన్నుకోవాలో చెప్పాడు. మొదటిది, గుడ్డ తయారుచేసినవారి పుస్తకములో ఏ లంకె, ఏ సైజు అని వ్రాసి ఉంటుందో అదే వాడాలి. నాలుగూ ఒకే రకమై ఉండాలి. రెండవది, దాని మీద ముద్ర చూడాలి. తుప్పు, పగులు, వంకర ఉంటే అవతల పారవేయాలి. మూడవది, నట్టు పూర్తిగా మూసుకోవాలి. సగం తెరచి ఉన్న లంకె బరువు పడగానే విచ్చుకొంటుంది. అలాగని బలమంతా పెట్టి బిగించకూడదు, నట్టు పగులుతుంది. చేతితో బిగించి, పానాతో కొంచెమే తిప్పాలి. పైన చిన్న రంగు గీత పెడితే, అది కదిలినదీ లేనిదీ తరువాత కనబడుతుంది.

ఉక్కు లేని మెత్తని లంకెలు కూడ ఉన్నాయట. స్పెక్ట్రా అనే బలమైన దారంతో చేస్తారు. సరిగా తగిలిస్తే చాలా గట్టివి, తుప్పు పట్టవు. కాని చుట్టు వేసే వరుస తప్పకూడదు, ఒరిపిడికి పోగులు లేచాయేమో మాటిమాటికి చూడాలి. ఉక్కు మంచిదా దారం మంచిదా అంటే, ఆ గొడుగుకు తగినదై, సరిగా తగిలించినదే మంచిది.

చివరకు ఆయన ఆ నాలుగవ లంకెను నా అరచేతిలో పెట్టి అన్నాడు: "ఇది తెగుతుందని నేను చెప్పడం లేదు. తెగదని చెప్పలేను. నాకు తెలియనిదానికి ఒక తల్లి కుమారుణ్ణి వ్రేలాడదీయను."

ఒక తల్లి కుమారుణ్ణి! ఆ తల్లి నా తోడబుట్టినది. నేను జాలిపడ్డాననుకొన్నాను. నిజముగా జాలిపడినవాడు ఆయనే. నాది బిడ్డ ముఖం చిన్నబోకూడదనే జాలి, ఆయనది బిడ్డ ప్రాణం పోకూడదనే జాలి. శనివారం మావాడు దూకలేదు, నాతో సరిగా మాట్లాడనూ లేదు. మంగళవారం సరియైన లంకెలు వచ్చాయి. మరుసటి శనివారం వాడు ఆకాశంలో నుండి దిగి, నడుచుకొంటూ నా దగ్గరకు వచ్చాడు. ఆ అడుగులు చూస్తూ నేను ఏమని ప్రార్థించానో నా దేవునికే తెలుసు.

ప్రియ శ్రోతలారా, మనలో పారాచూట్ కట్టేవారు ఎవరూ ఉండకపోవచ్చు. కాని మందిరానికి రంగు వేసే కూలివాని నడుము బెల్టుకు ఒక కొక్కెం ఉంటుంది. సండే స్కూలు పిల్లలు ఊగే ఉయ్యాల గొలుసుకు ఒక లంకె ఉంటుంది. బావిలోనికి మనిషిని దింపే తాడుకు ఒక ముడి ఉంటుంది. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గదా" అనకండి. దాని మీద ముద్ర ఉన్నదా? అది ఆ పనికి చేసినదేనా? పూర్తిగా మూసుకొన్నదా? ఈ మూడు ప్రశ్నలు అడగండి. లేదంటే, పని ఆపండి. ఒక దినము పని ఆగితే నష్టం కూలి డబ్బులే.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో సంఘమును శరీరముతో పోల్చి, దానిని కలిపి ఉంచే కీళ్ళను జ్ఞాపకము చేశాడు. కీలు ఎవరికీ కనబడదు, జారినప్పుడే తెలుస్తుంది. మన ఇళ్ళలో, సంఘాలలో ఇద్దరి మధ్య నిలిచి కలిపేవారు అటువంటివారే. మెరుపు ఒకేలా ఉంటుంది, బరువు పడిన దినమున తేడా బయటపడుతుంది. ఆ దినమునకు ముందే మనలను మనము పరీక్షించుకొందాము.

ఆ ముద్రలేని లంకె ఇప్పటికీ నా మేజా మీద ఉన్నది. ఎవరైనా వచ్చి "సర్దుబాటు చేయండి, అయ్యగారూ" అన్నప్పుడు దానిని ఒకసారి చూచి జవాబు చెప్తాను.

దేవుడు మిమ్మును, మీ బిడ్డలను కాపాడును గాక. వచ్చేవారం ఇదే సమయమునకు మరల కలుసుకొందాము. అంతవరకు సెలవు. ఆమేన్.