ప్రాథమిక బడిలో ఆటల పాఠం: కాబోయే టీచర్లతో కొన్ని మాటలు
(బచ్చన్నపేటలో గిరిజన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో డీఎల్‌ఎడ్ చదువుతున్నవాళ్ళు, డీఈఈసెట్ రాయబోతున్నవాళ్ళు, పీఈసెట్ కోసం తెల్లవారుజామున రోడ్డు మీద పరుగులు తీస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువంటే చాలా పెద్ద మాట. అందుకని నేను ఒక్క పీరియడ్‌కే పరిమితం అవుతాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న పిల్లలకు ఆటలు ఎవరు నేర్పాలి, వాళ్ళను ఎవరు తయారు చేయాలి అన్నదే నా విషయం.

ముందుగా ఒక లెక్క. 2024 డీఎస్సీలో మన రాష్ట్రం ప్రకటించిన పోస్టులు 11,062. అందులో ఎస్జీటీలు 6,508. పీఈటీలు 182. ఆ 182 మంది కూడా పోయేది ఎక్కువగా పెద్ద బడులకే. విద్యాహక్కు చట్టం తీసుకోండి. 2009లో వచ్చిన ఆ చట్టం వ్యాయామ విద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలన్నది 6 నుంచి 8 తరగతులకే, అదీ పిల్లలు 100 దాటితేనే. ఐదో తరగతి లోపు పిల్లలకు ఆ మాటే లేదు. 60 మంది లోపుంటే ఇద్దరు టీచర్లు, అంతే. అయితే అదే చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది, ప్రతి తరగతికీ ఆట సామాను ఇవ్వాలంటుంది. స్థలం ఉండాలి, సామాను ఉండాలి, ఆడించే మనిషి సంగతి మాత్రం ఎవరూ రాయలేదు!

అంటే తండా బడిలో డ్రిల్ సారు ఎవరు? ఎస్జీటీయే. లెక్కలు చెప్పేదీ ఆయనే, తెలుగు చెప్పేదీ ఆయనే, మధ్యాహ్న భోజనం లెక్క రాసేదీ ఆయనే. విజిల్ ఊదాల్సిందీ ఆయనే.

మరి ఆ ఎస్జీటీ అయ్యే మనిషి ఆటలు నేర్పడం ఎక్కడ నేర్చుకుంటున్నాడు? డీఎడ్ రెండేళ్ళ కోర్సులో ఆరోగ్యం, వ్యాయామ విద్య ఉన్నాయి. పుస్తకం ఉంది, రికార్డు ఉంది, మార్కులూ ఉన్నాయి. కానీ టెట్ పేపర్-1 చూడండి. శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం. ఒక్కోదానికి 30 చొప్పున 150 మార్కులు. ఆటలకు విభాగమే లేదు. పరీక్షలో రాని దాన్ని కోచింగ్ సెంటర్ చెప్పదు, కోచింగ్ సెంటర్ చెప్పనిది మన పిల్లలు చదవరు. వాళ్ళను తప్పు పట్టను. ఉద్యోగం రావాలి కదా. కానీ ఉద్యోగం వచ్చిన మర్నాడు ముప్పై మంది పిల్లలు "సార్, ఆట!" అని చుట్టూ మూగితే, ఒక బంతి విసిరేసి "పోండి, ఆడుకోండి" అనడమే మిగులుతుంది.

ఆ బంతితో ఏం జరుగుతుందో మీకు తెలుసు. నాలుగో తరగతి, ఐదో తరగతి మగపిల్లలు ఆరేడుగురు దాన్ని పట్టుకుపోతారు. చిన్న తరగతుల వాళ్ళు గోడ పక్కన మట్టిలో గీతలు గీసుకుంటారు. ఆడపిల్లలు అరుగు మీద కూర్చుంటారు. నేను పనిచేసిన ఒక బడిలో మూడో తరగతి పాప రోజూ తమ్ముణ్ణి చంకనేసుకొని వచ్చేది. యాడి, బాపు ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. ఆటల పీరియడ్ వస్తే ఆ పాప చేసే పని పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడి చూడటం. చేసిందల్లా ఏమిటంటే, పిల్లవాణ్ణి వంటమ్మ దగ్గర అర్ధగంట కూర్చోబెట్టాం. ఆ పాప మొదటి రోజే అందరికంటే ముందు ఉరికింది. అప్పటిదాకా ఆ పిల్ల ఉరకగలదని ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమే లేదు.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ వయసు చాలా తొందరగా దాటిపోతుంది. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో ప్రవేశం నాలుగో తరగతిలో. అంటే మూడో తరగతి చదివే ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు పరీక్షకు పోవాలి. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం వంటివి ఉంటాయి. మన పిల్లల్లో ఆ పరీక్ష పేరు విన్నవాళ్ళెందరు? పీఈటీ సారు హైస్కూల్లో ఉంటాడు. ఆయన కంట్లో పిల్ల పడేసరికి ఆరో తరగతి. ఆ తలుపు అప్పటికే మూసి ఉంటుంది. మూడో తరగతిలో ఆ పిల్ల పరుగు చూడగలిగింది ఎస్జీటీ ఒక్కరే.

చూసే కన్ను ఉంటే ఏమవుతుందో మన పక్కనే సాక్ష్యం ఉంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. టీ20 అంటే మేధోపరమైన ఇబ్బంది ఉన్న క్రీడాకారుల విభాగం. చిన్నప్పుడు ఆ అమ్మాయిని ఎగతాళి చేసిన నోళ్ళున్నాయి. పరుగును మొదట గమనించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇక మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మన తండా బిడ్డ. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. మొదటి శిక్షణ భువనగిరి గుట్ట మీద. జనగామ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి మనం ఎన్నిసార్లు చూశామో ఆ గుట్టను! అదే జిల్లా గుగులోత్ సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడుతోంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పేర్లు చెప్పగానే చప్పట్లు కొడతాం. కానీ ప్రాథమిక బడిలో ఆటల పీరియడ్ పతకాల కోసం కాదు. ముప్పై మందిలో ఒక్కరు దీప్తి కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. ముప్పై మందీ మాత్రం ఉరకాలి, దూకాలి, విసరాలి, పట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని 2020లో చెప్పింది. ఒకప్పుడు తండాలో ఈ లెక్క ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ ఫోన్ ఉంది, పిల్లలు నులక మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకుంటున్నారు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. 28 మంది పిల్లలు, 35 నిమిషాల పీరియడ్, ఒక బంతి. వరుసలో నిలబెడితే ఒక్కొక్కరి చేతిలో బంతి ఉండేది 75 సెకన్లు. మిగతా సమయమంతా నిలబడటమే. అది ఆటల పీరియడ్ కాదు, రేషన్ షాపు లైను. అదే పాత బట్టలో పిడికెడు చింతగింజలు పోసి కుట్టిన మూటలు 14 ఉంటే, ఇద్దరిద్దరు చొప్పున అందరూ ఒకేసారి ఆడొచ్చు. ఒక్కొక్కరికి పదిహేడు నిమిషాలు దక్కుతుంది. ఖర్చు ఎంత? దర్జీ దగ్గర పడేసే పీలికలు, ఇంట్లో చింతగింజలు. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 రూపాయల క్రీడా గ్రాంటు కూడా ఉంది. దాన్ని ఒక క్యారం బోర్డుకు, ఒక షటిల్ సెట్టుకు పెట్టి బీరువాలో తాళం వేయకుండా తాళ్ళు, రింగులు, చిన్న బంతులు కొనండి.

రెండోది, ఓడినవాళ్ళు బయటికి పోయే ఆటలు. కుర్చీలాటలో మొదట బయటికి పోయేదెవరు? నెమ్మదిగా కదిలే పిల్ల. అంటే కదలిక అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లను అందరికంటే ముందు కూర్చోబెడుతున్నాం. అవుటైన పిల్ల ఐదు గంతులు వేసి మళ్ళీ లోపలికి రావాలని నియమం మార్చండి చాలు.

మూడో సంగతి నాకు కోపం తెప్పించేది. తప్పు చేస్తే గ్రౌండ్ చుట్టూ రౌండ్లు, గుంజీలు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది, అది ఒక ఎత్తు. పరుగును శిక్షగా చూసిన పిల్లవాడు పెద్దయ్యాక పరుగెత్తుతాడా?

చిన్నపిల్లలకు ఏం నేర్పాలో తెలియక చాలామంది పెద్ద ఆటలు మొదలుపెడతారు. రెండో తరగతి వాళ్ళకు వాలీబాల్ నెట్ కడతారు. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్ష చూడండి. 5 నుంచి 8 ఏళ్ళ వాళ్ళకు ఎత్తు, బరువు కాక ఉన్నవి రెండే. ఒంటికాలి మీద నిలబడటం, రెండు పళ్ళేలను చేత్తో మార్చి మార్చి వేగంగా తాకడం. 600 మీటర్ల పరుగు తొమ్మిదేళ్ళ తర్వాతే. అంటే ఆ వయసుకు కావాల్సింది నిలకడ, చేయి, కన్ను కలవడం. ఒంటికాలి నిలకడ మన తొక్కుడుబిళ్ళలో లేదా? చేయి, కన్ను కలవడం అచ్చనగిల్లల్లో లేదా? గురి చూసి విసరడం ఏడుపెంకులాటలో ఉంది. చిర్రగోనెలో బలం ఉంది, కానీ కన్ను జాగ్రత్త. అందుకే దాన్ని బడిలో ఆడించాలంటే కర్ర గోనెకు బదులు గుడ్డ చుట్టిన ముక్క వాడమంటాను. తీజ్ తొమ్మిది రోజులూ మన ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ వేసే అడుగులు, కోయ పిల్లల రేలా అడుగులు, ఇవన్నీ లయతో కూడిన వ్యాయామమే. డైట్ పుస్తకంలో దాన్నే రిథమిక్ యాక్టివిటీస్ అంటారు. తరగతి గదిలో నోరు విప్పని పాప ఆ అడుగు దగ్గర టీచరుకే నేర్పుతుంది.

భాష సంగతి కూడా ఇక్కడే. ఒకటో తరగతికి వచ్చే మన పిల్లలకు తెలుగు పూర్తిగా రాదు. "కుడివైపు తిరుగు" అంటే బిక్కమొహం వేస్తారు. ఏక్, దీ, తీన్, చార్ అని లెక్కపెడుతూ డ్రిల్ చేయించి చూడండి. పది రోజుల తర్వాత అదే లెక్క తెలుగులో చెప్పించండి. ఆ బడికి మీరు పోతే ఉండే లాభం ఇదే. ఈ లాభం మీకు ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేదు.

ఇక ప్రాణం మీదికి వచ్చే విషయాలు. మార్చి మధ్య నుంచి మనకు ఒంటిపూట బడులు. బచ్చన్నపేట ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆట ఉంటే పొద్దున ప్రార్థన అయిన వెంటనే, అంతే. కొందరు పిల్లలు ఖాళీ కడుపుతో వస్తారు. పొద్దున ఏం తిన్నావని అడగకుండా పిల్లల్ని ఉరికించొద్దు. చాలామందికి చెప్పుల్లేవు. ముందు పల్లేరుగాయలు, గాజుపెంకులు ఏరండి. సికిల్ సెల్ జబ్బు గిరిజనుల్లో ఎక్కువ. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వాళ్ళకు పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ జబ్బు ఉన్న పిల్లను ఆటకు దూరం పెట్టొద్దు. మాటిమాటికీ నీళ్ళు తాగించాలి, అలసట అంటే వెంటనే ఆపాలి, పోటీ పరుగులో పెట్టకూడదు. భూపాలపల్లి, ములుగు వైపు పోస్టింగ్ వచ్చినవాళ్ళు చేరిన వారంలోనే ఏఎన్ఎంను కలిసి ఏ పిల్లకు ఏ కార్డు ఉందో రాసుకోండి.

పీఈసెట్ రాసే తమ్ముళ్ళకు ఒక మాట నిజాయితీగా చెప్పాలి. డీపీఎడ్, బీపీఎడ్ మంచి చదువులు. కానీ 182 అన్న సంఖ్య మరిచిపోవద్దు. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 10 శాతం అయిందని ధైర్యం చెప్పుకుంటున్నాం. 182లో 10 శాతమంటే పద్దెనిమిది. రాష్ట్రం మొత్తానికి. ఆటంటే ప్రాణం, పిల్లలంటే ఇష్టం, ఇంటర్ అయిపోయింది అనేవాళ్ళు డీఎడ్ వైపు కూడా చూడండి. ఆట తెలిసిన ఎస్జీటీ తండా బడికి దొరికితే, ఆ బడికి పీఈటీ పోస్టు వచ్చినట్టే. ప్రాథమిక బడులకు కూడా పీఈటీలు కావాలని అడగడం మన సంఘం మానకూడదు. కనీసం నాలుగైదు తండాలకు కలిపి ఒకరినైనా ఇవ్వమని అడగాలి. అది వచ్చేదాకా మాత్రం చేతులు కట్టుకోలేం.

డీఎడ్‌లో ఉన్నవాళ్ళకు రెండేళ్ళలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. చాలామంది దాన్ని చార్టులు గీయడంలో గడిపేస్తారు. వారానికి ఒక్క ఆటల పాఠమైనా ప్రణాళిక రాసి చెప్పండి. ఎక్కడ గీతలు గీస్తాను, ఎవరు ఎవరితో ఆడతారు, వాన వస్తే వరండాలో ఏం చేస్తాను, కుంటే పిల్లవాడికి ఏ పాత్ర ఇస్తాను అని రాసుకోవాలి. పక్కన స్నేహితుణ్ణి నిలబెట్టి, ఏదో ఒక పిల్ల పేరు చెప్పి, ఆ పిల్ల ఎన్ని నిమిషాలు నిజంగా కదిలిందో గడియారం పట్టి చూడమనండి. మొదటి రోజు వచ్చే అంకె చూస్తే నవ్వొస్తుంది. రెండో వారానికి పెరుగుతుంది. ఇంకా ఇంటర్న్‌షిప్ రానివాళ్ళకు మన పల్లెల్లో 2022 నుంచి కట్టిన క్రీడా ప్రాంగణాలు ఉన్నాయి. కొన్నిట్లో గడ్డి మొలిచింది. ఆదివారం పొద్దున గడ్డి కోసి, తండా పిల్లల్ని పిలిచి ఒక గంట ఆడించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను ముగ్గుపిండి, పాత సైకిల్ టైర్లు నాలుగు, చింతగింజల మూటలు ఇరవై తెచ్చాను. భోజనాలయ్యాక, ఎండ తగ్గినాక, నాలుగు గంటలకు బయట మైదానంలో కలుద్దాం. చిన్న పిల్లల్ని వెంట తెచ్చుకున్న అక్కలు వాళ్ళను కూడా తీసుకురండి, వాళ్ళతోనే పాఠం చెప్పి చూపిస్తాను. మీలో ముగ్గురు చెప్పాలి, మిగతావాళ్ళు గడియారం పట్టాలి.