ఔషధపరీక్షలు – మనవారి సంతకము
(వైశ్యసంఘ వార్షికసభయందు గావించిన ఉపన్యాసము)



వసతిగృహములు, ఉపకారవేతనములు, సత్రములు – వీనిని గూర్చి ఈ వేదికనుండి ఏటేట వినుచున్నాము. నాకు నియమింపబడిన విషయము మన రక్తమునకు సంబంధించినది.

శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళమున గొట్టము నమర్చుటకై కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను మందును మత్తువైద్యులు వాడుదురు. రక్తమునందలి యొక ఎంజైము దానిని కొలది నిమిషములలో విరిచివేయును. రోగి మరల తనంత తానే ఊపిరి తీయును. ఆ ఎంజైము లోపించినవానికి గంటలకొలది యంత్రముతో శ్వాస నందింపవలసియుండును. లోకమున మిక్కిలి యరుదైన ఈ లోపము మన వైశ్యులలో తరచుగా గానవచ్చుచున్నది. కారణమైన జన్యుమార్పును పరిశోధకులు 2006లో ప్రకటించిరి. తరతరములుగా మనలో మనమే వియ్యమందుటచే పూర్వులలో ఏ కొందరికో కలిగిన మార్పు మనకు సంక్రమించినదని 2017లో వెలువడిన పరిశోధన విశదము చేసినది. అందు హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును పాల్గొనిరి.

ఇది వ్యాధి కాదు. ఆ మందు తగులనంతవరకు మనిషి ఆరోగ్యవంతుడే. తెలిసిన వైద్యుడు వేరొక మందు వాడును. అయినను సంబంధములు తప్పిపోవునని దాచు పెద్దలు కలరు. జాతకమును పదిమందికి చూపుదురు గాని, మత్తువైద్యునితో ఒక్క మాట చెప్పరు!

వర్తకులకు వేరుగా జెప్పనేల? ఒక అంగడి రాళ్లతో మరియొక అంగడి సరకు తూచినచో లెక్క కుదురదు. చిరకాలము మందుల మోతాదులు ఎక్కువగా ఐరోపాసంతతివారి దేహములయందే పరీక్షింపబడినవి. ఈ లోపమును గుర్తించియే అమెరికాలో, ప్రభుత్వ ధనముతో జరుగు వైద్యపరీక్షలలో స్త్రీలను, అల్పసంఖ్యాకవర్గములను చేర్చుకొనవలెనని 1993లో శాసనము చేసిరి. కావున మనవారును పరీక్షలలో చేరవలసినదే. అయితే ఏ రీతిని చేరవలెను?

ఇందులకు దూరము పోనక్కరలేదు. 2009లో, నాటి ఆంధ్రప్రదేశమందలి ఖమ్మము జిల్లాలో, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు వేసిరి. అందు ఆశ్రమపాఠశాలలలోని గిరిజనకన్యలు పెక్కురు. టీకా మంచిదే, పెక్కు దేశములు వాడుచున్నవి. గుజరాతునందును సాగిన ఆ కార్యమున ఏడుగురు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణసంఘము తలచినది. 2010 ఏప్రిలులో కార్యము నిలిపివేయబడెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో జూపిన లెక్క నా మనస్సును కలచినది: 9,543 అంగీకారపత్రములలో 2,763 పత్రములపై వసతిగృహముల వార్డెనులే సంతకములు చేసియుండిరి. 1,948 పత్రములపై వేలిముద్రలు మాత్రమే యుండెను. కన్నవారు తెలిసికొని, ప్రశ్నించి, ఒప్పుకొనవలసిన చోట ఉద్యోగి కలము కదిలినది.

మహాశయులారా! కోపగింపకుడు. సంఘాధ్యక్షుడును అట్టి వార్డెను కాగలడు. రేపు ఏ పరిశోధనాలయమువారో వచ్చి, 'మీ కులస్థుల నైదువందలమందిని సమకూర్పుడు' అని కోరినచో, సన్మానసభ చేసి, శాలువ గప్పి, జాబితా నందించు ఉత్సాహము మనకు లేదా? పెద్దల మాట కాదనలేక చేయి చాపినవాని అంగీకారము అంగీకారము కాదు. 2019 నాటి ఔషధపరీక్షల నియమావళి ప్రకారము అంగీకారము ఎవరికి వారే, విషయము నెరిగి ఈయవలెను. హాని కలిగినచో చికిత్సయు పరిహారమును పొందు హక్కు గలదు. నడుమ విరమించుకొనుటకు స్వాతంత్ర్యము గలదు. ఈ మూడింటిని తెలుగులో అచ్చువేయించి యింటింట పంచుట సంఘము చేయదగిన పని. సంతకములు సేకరించుట మన పని కాదు.

కనుక సాయంకాలపు తీర్మానములలో రెండు చేర్పగోరుచున్నాను. శస్త్రచికిత్సకు బోవు ప్రతి సభ్యుడును మత్తువైద్యునకు జూపుటకై ఈ మందు పేరు, లోపము పేరు వ్రాసిన చిన్న చీటిని సంఘము ఉచితముగా నీయవలెను. సభ్యుల పేర్ల పట్టికను ఏ పరిశోధకునకును వారి వారి అనుమతి లేక ఈయరాదు. మొదటిదానికి ఎవరును అడ్డు చెప్పరని యెరుగుదును. రెండవదానిపై చర్చ జరుగుగాక.