నైరోబీ: సింహాలున్న సిటీకి మూడు వైపులే కంచె

కామెంట్లలో "అన్నా, నైరోబీ ఎప్పుడు పెడతావ్" అని అడుగుతూనే ఉన్నారు కదా, ఇదిగో.

ముందే ఒక మాట చెప్తా. కెన్యా అనగానే మనోళ్ళకి మసాయి మారా ఒక్కటే గుర్తొస్తది. నైరోబీ అంటే ఫ్లైట్ దిగి జీపెక్కే చోటు, అంతే. దయచేసి అలా చేయకండి. ఈ ఊరికి కనీసం మూడు రోజులు ఇవ్వండి.

థంబ్‌నెయిల్‌లో జిరాఫీ వెనకాల పెద్ద పెద్ద బిల్డింగులు చూశారుగా? ఎడిటింగ్ ఏం లేదు అందులో. నైరోబీ నేషనల్ పార్క్ సిటీ సెంటర్‌కి దాదాపు 7 కిలోమీటర్లే. 1946లో పెట్టారు, కెన్యాలో మొట్టమొదటి నేషనల్ పార్క్ ఇదే. 117 చదరపు కిలోమీటర్లు. సింహాలు, చిరుతలు, ఖడ్గమృగాలు, అడవి దున్నలు అన్నీ ఉన్నాయి. ఏనుగులు మాత్రం లేవు, వాటికి ఈ చోటు చాలదు.

పార్క్ కథ చాలా ఉంది. దానికంటే ముందు ఊరు చూద్దాం.

భూమధ్యరేఖ పక్కనే కదా, మండిపోద్ది అనుకుంటాం. కానీ ఊరు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. జూలైలో వెళ్తే స్వెటర్ ఉండాల్సిందే. నైరోబీ అనే పేరు కూడా మసాయి భాషలో చల్లని నీళ్ళు అనే మాట నుంచే వచ్చింది. 1899లో బ్రిటిష్ వాళ్ళు మొంబాసా నుంచి రైలు పట్టాలు వేసుకుంటూ వచ్చి, ఇక్కడ డిపో పెట్టారు. ఆ డిపోయే ఊరైంది. పట్టాలు వేసింది మాత్రం ఎక్కువగా అప్పటి ఇండియా నుంచి తీసుకెళ్ళిన కూలీలు, 30 వేలకు పైనే. పని చేస్తూ దాదాపు 2,500 మంది చనిపోయారు. ఇక్కడి స్వాహిలీలో చపాతీని చపాతీ అనే అంటారు, కొట్టుని దుకా అంటారు, బండిని గారి అంటారు, ఇన్సూరెన్స్‌ని బీమా అంటారు. బోర్డు మీద "బీమా" చూసి కాసేపు అక్కడే నిలబడిపోయా.

ఇక మటాటు. ప్రైవేట్ మినీ బస్సు అనుకోండి. కానీ ఒళ్ళంతా బొమ్మలు, ఫుట్‌బాల్ ప్లేయర్లు, రాపర్లు, లోపల నీలం లైట్లు, టీవీ తెరలు, గుండెలో కొట్టే బేస్. బాగా తయారుచేసిన బండిని "న్గాన్యా" అంటారు. కుర్రాళ్ళు ఖాళీ బస్సు వచ్చినా ఎక్కకుండా తమకిష్టమైన న్గాన్యా కోసం ఆగుతారు. రోంగై రూట్ దీనికి ఫేమస్. కండక్టర్‌ని "కొండా" అంటారు, మనవాడే అనిపిస్తది! ఎక్కితే ఫోన్ కిటికీ దగ్గర పట్టుకోకండి, లాక్కుపోతారు.

సరే, పార్క్. పొద్దున్నే ఆరింటికి గేటు తీస్తారు, అప్పుడే వెళ్ళండి. గడ్డి మీద మంచు, దూరంగా టవర్లు, పైన విమానం, కింద జీబ్రాలు. మొదటి గంటంతా ఫొటోలే తీశా. తర్వాత రైలు వంతెన కనిపించింది. కొత్త రైల్వే లైను 2019 నుంచి పార్క్ మీదుగానే పోతోంది. ఎత్తైన స్తంభాల మీద, దాదాపు 6 కిలోమీటర్లు. కింద జంతువులు నడిచి పోవాలని అంత ఎత్తు పెట్టారు. జిరాఫీ నిజంగానే దాని కిందనుంచి పోతోంది. కానీ ఆ కాంక్రీటు చూశాక మనసు ఒకలా అయిపోయింది.

మా డ్రైవర్‌ని అడిగా, సింహాలు ఊళ్ళోకి రావా అని. ఆయన నవ్వి దక్షిణం వైపు చేయి చూపించాడు. కంచె మూడు వైపులే ఉంది బాస్! నాలుగో వైపు చిన్న నది, దాని అవతల ఖాళీ మైదానం. వానలు పడితే జీబ్రాలు, విల్డెబీస్ట్‌లు అటు పోతాయి, ఎండాకాలం నీళ్ళ కోసం పార్క్‌లోకి వస్తాయి. వాటి వెనకే సింహాలు. అంటే ఈ పార్క్ బతికేది ఆ తెరిచిన వైపు వల్లే.

సమస్య ఏంటంటే, ఆ మైదానం సర్కారుది కాదు. చాలావరకు మసాయి కుటుంబాల సొంత భూమి. కిటెంగెలా అనే ఊరు అటే పెరుగుతోంది. ప్లాట్లు, కంచెలు, ఫ్యాక్టరీలు. మనకి షాద్‌నగర్ రోడ్డు మీద వెంచర్ బోర్డులు ఎలా కనిపిస్తాయో అచ్చం అలాగే. ఒకప్పుడు వేలల్లో తిరిగిన విల్డెబీస్ట్‌లు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. 2016లో మొహాక్ అనే పేరున్న సింహం ఇలాగే బయటికి వెళ్ళి, జనం చుట్టుముడితే ఒకతన్ని గాయపరిచింది. చివరికి దాన్ని కాల్చేశారు. ఊరంతా గొడవైంది.

సింహం వైపు మాట్లాడటం మనకి ఈజీ. రాత్రికి రాత్రి రెండు ఆవులు పోయినోడికి అంత ఈజీ కాదు. అక్కడే రిచర్డ్ టురెరే అనే మసాయి పిల్లాడు ఒక పని చేశాడు. ఇంటి పశువుల్ని కాపాడే పని వాడిదే. దిష్టిబొమ్మ పెట్టాడు, సింహం రెండో రోజే కనిపెట్టేసింది. టార్చి పట్టుకుని తిరిగితే రాలేదు. అంటే కదిలే వెలుగంటే భయం! పాత కారు బ్యాటరీ, సోలార్ ప్యానెల్, మోటార్‌సైకిల్ ఇండికేటర్ బాక్సు, పాడైన టార్చిల బల్బులు. దొడ్డి చుట్టూ మార్చి మార్చి వెలిగేలా కట్టాడు. అప్పటికి వాడి వయసు పదకొండో ఎంతో. 2013లో టెడ్ స్టేజీ మీద మాట్లాడాడు. ఇప్పుడు చాలా దొడ్లకి ఈ లైట్లున్నాయి. బీటెక్ నాలుగేళ్ళు ల్యాబ్ రికార్డులు రాసిన మనకి కాస్త సిగ్గేస్తది కదా? నాకైతే వేసింది.

భూమిని కంచె వేయకుండా, అమ్మకుండా ఉంచిన కుటుంబాలకి ఏడాదికి ఎకరాకు ఇంతని ఇచ్చే స్కీములు కూడా నడిచాయి. కానీ ప్లాటు రేటు ముందు అదెంత? నా లెక్కలో మన టికెట్ డబ్బులు గేటు దగ్గర ఆగిపోకుండా ఆ వైపు కూడా వెళ్ళాలి. వీలైతే ఒక పూట అటువైపు మసాయి వాళ్ళు నడిపే క్యాంపులో ఉండండి.

షెల్‌డ్రిక్ ట్రస్ట్‌లో తల్లి లేని ఏనుగు పిల్లలు పాలు తాగుతాయి. పొద్దున పదకొండు నుంచి ఒక్క గంటే, ముందే బుక్ చేసుకోవాలి. మిగతా నేనేం చెప్పను, వెళ్ళి చూడండి.

రాత్రి ముందు తిండి. న్యామా చోమా అంటే మేక మాంసాన్ని బొగ్గుల మీద కాల్చి, చెక్క మీద ముక్కలు కొట్టి, పక్కన ఉప్పు పెట్టి ఇస్తారు. ఉగాలి మన సంకటికి చుట్టమే, మొక్కజొన్న పిండితో చేస్తారు. బిల్లు ఎం-పెసాలో. 2007 నుంచే వీళ్ళు బటన్ ఫోన్లలో డబ్బు పంపుకుంటున్నారు, మన యూపీఐ 2016లో వచ్చింది. తర్వాత వెస్ట్‌ల్యాండ్స్ ఏరియాకి వెళ్తే క్లబ్బులే క్లబ్బులు. ఆటగాళ్ళు వీళ్ళు, మనం పక్కన తలూపాలంతే. టస్కర్ బీరు సీసా మీద ఏనుగు బొమ్మ ఉంటది. కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఒకాయన 1923లో వేటకెళ్ళి ఏనుగు చేతిలో చనిపోతే, ఆయన గుర్తుగా పెట్టిన పేరది. ఆ రాత్రి నడిచి తిరగొద్దు, యాప్‌లో క్యాబ్ పిలవండి.

చివరగా పేపర్లు. 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్ ఈటీఏ. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లోనే వేయించుకోండి. పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్ళకండి, 2017 నుంచి నిషేధం. వచ్చే ఎపిసోడ్ మొంబాసా రైలు. ఉంటా మరి.