ఎర చేపకు రాత్రంతా ఊపిరి

తెల్లారి కొర్రమీనుకో, వాలుగకో గాలం వేయాలని సాయంత్రమే ఎర కోసం పరిగె చేపలు పట్టి బకెట్లో వేస్తాం. పొద్దున చూస్తే వెల్లకిలా తేలి ఉంటాయి. ఆకలితో కాదండీ, పాపం, ఊపిరి అందక.

చేప పీల్చేది నీటిలో కరిగిన ప్రాణవాయువు. అది పైనున్న గాలి నుంచి, నీటి ఉపరితలం గుండా లోపలికి దిగుతుంది. అందుకే లోతైన బకెట్ కన్నా వెడల్పాటి టబ్బు మేలు. చేపలు తక్కువ, నీళ్లు ఎక్కువ. మళ్లీ చెబుతున్నాను, చేపలు తక్కువ, నీళ్లు ఎక్కువ!

నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. టబ్బును చల్లని చోట పెట్టండి. అక్వేరియం షాపులో దొరికే బ్యాటరీ గాలి పంపు ఉంటే రాత్రంతా నడవనివ్వండి.

కుళాయి నీళ్లు నేరుగా పోయకండి. అందులోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. చేపలు పట్టిన చెరువు నీళ్లే తెచ్చుకోండి. మేత కూడా వద్దు. ఒక్క రాత్రి పస్తుంటే చేప చావదు కానీ, మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడవుతాయి. పడుకునే ముందు చచ్చినవాటిని ఏరేయండి.

చెరువు దగ్గరే ఇల్లుంటే, వలసంచిలో వేసి ఆ నీటిలోనే కట్టి ఉంచడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. మిగిలిన ఎర చేపలను మాత్రం వేరే చెరువులో వదలకండి. రోగాలు వాటి వెంటే వెళ్తాయి.