కొత్త ఫ్లూకు టీకా: వేయించుకోవాలా, వద్దా?

(తెలుగు తరగతి విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



ఈ రోజు మీతో ఒక ప్రశ్నను గురించి ముచ్చటించాలనుకుంటున్నాను. వినడానికి అది చిన్న ప్రశ్నే. కాని అది వచ్చిన ప్రతి ఇంట్లోనూ పెద్ద చర్చ జరుగుతుంది. కొత్త రకం ఫ్లూ జ్వరం వ్యాపిస్తున్నదని వార్త వస్తుంది. దానికి టీకా కూడా సిద్ధమైందని మరొక వార్త వస్తుంది. నాన్నగారు "అందరం వేయించుకుందాం" అంటారు. పక్కింటి అత్తయ్యగారు "కొత్త మందు కదా, నాలుగు రోజులు ఆగి చూడండి" అంటారు. ఊరి నుంచి అమ్మమ్మ ఫోనులో "పిల్లలకు మాత్రం వద్దు తల్లీ" అంటుంది. ముగ్గురూ మన మేలు కోరేవారే. మరి ఎవరి మాట వినాలి?

దీనికి జవాబు తెలియాలంటే ముందు ఫ్లూ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఫ్లూ ఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల వచ్చే వ్యాధి. మామూలు జలుబు కంటే తీవ్రమైనది. రోగి దగ్గినా, తుమ్మినా, దగ్గరగా మాట్లాడినా ఇతరులకు సోకుతుంది. ఈ వైరస్ మన పల్లెల్లో తిరిగే పగటివేషగాడి వంటిది. ప్రతి ఏడూ తలపాగా మార్చుకున్నట్లు కొద్దిగా మారుతుంది. అందుకే ఫ్లూ టీకాను ఏటేటా వేయించుకోవలసి వస్తుంది. ఎప్పుడో ఒకసారి పక్షుల వైరస్, పందుల వైరస్, మనుషుల వైరస్ కలిసిపోయి పూర్తిగా కొత్త వేషం తయారవుతుంది. అప్పుడు మన శరీరం దానిని గుర్తుపట్టలేదు. అటువంటి ఫ్లూ 1918లో ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఒక్క మన దేశంలోనే కోటిమందికి పైగా మరణించారు. ఆ రోజుల్లో దానికి టీకా లేదు. మనుషులకు ఫ్లూ తెచ్చే వైరస్‌ను కనుగొన్నదే 1933లో.

ఇక మన కాలానికి వద్దాం. 2009 ఏప్రిల్ నెలలో మెక్సికోలోను, అమెరికాలోను హెచ్1ఎన్1 అనే కొత్త రకం ఫ్లూ బయటపడింది. దీనినే స్వైన్ ఫ్లూ అన్నారు. మే 16న భారతదేశంలో మొదటి రోగిని గుర్తించారు. ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో. ఆ ప్రయాణికుడు అమెరికా నుంచి దుబాయి మీదుగా విమానంలో వచ్చాడు. అదే నెలలో ఆ వ్యాధి మనముంటున్న ఈ బహ్రెయిన్‌కు కూడా చేరింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది.

బహ్రెయిన్ చుట్టూ సముద్రమే అయినా వ్యాధికి సముద్రం అడ్డు కాదు. ముహర్రఖ్ విమానాశ్రయంలో ఎన్నో దేశాలవారు దిగుతారు. 1986లో తెరిచిన కింగ్ ఫహద్ వంతెన మీదుగా సౌదీ అరేబియా నుంచి నిత్యం వాహనాలు వస్తుంటాయి. ఇక్కడ విమానమెక్కినవారు నాలుగైదు గంటల్లో శంషాబాదులో దిగుతారు. కనుక ఇక్కడ మనం తీసుకునే నిర్ణయం అక్కడి తాతయ్యనూ, అమ్మమ్మనూ కూడా తాకుతుంది.

వ్యాధి విమానమెక్కి వస్తుంది గాని, టీకా అంత త్వరగా రాదు. ఫ్లూ టీకాలలో ఎక్కువ భాగం కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేస్తారు. తర్వాత ఆ వైరస్‌ను చంపి, శుద్ధి చేసి, పరీక్షిస్తారు. దీనికి అయిదారు నెలలు పడుతుంది. 2009లో కూడా వేసవిలో వ్యాధి వ్యాపిస్తే, శరత్కాలానికి గాని టీకా అందలేదు. చచ్చిన వైరస్‌తో చేసిన ఈ టీకా వల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం మామూలే.

"అయితే కొత్త టీకా వల్ల ప్రమాదమే లేదా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి రెండు సంవత్సరాల కథలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

1976లో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ అనే సైనిక స్థావరంలో కొందరు సైనికులకు స్వైన్ ఫ్లూ సోకింది. ఒకరు మరణించారు. 1918 నాటి ఉపద్రవం మళ్ళీ వస్తుందేమోనని భయపడి, ఆ ఏడాది అక్టోబరు నుంచి నాలుగు కోట్లమందికి పైగా టీకాలు వేశారు. కాని ఆ వ్యాధి స్థావరం దాటి వ్యాపించనే లేదు. టీకా వేసుకున్నవారిలో సుమారు లక్షకు ఒకరికి కాళ్ళు చేతులు చచ్చుబడే గిలాన్ బారే వ్యాధి అదనంగా కనిపించింది. డిసెంబరులో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు.

2009లో అలా జరగలేదు. వ్యాధి నిజంగానే దేశదేశాలకూ పాకింది. వృద్ధుల కంటే పిల్లలను, యువకులను, గర్భిణులను ఎక్కువగా బాధించింది. మొదటి ఏడాదిలోనే లక్షన్నర నుంచి అయిదు లక్షల డెబ్బై అయిదు వేలమంది వరకు మరణించి ఉంటారని తర్వాత శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. టీకా వేసుకున్న కోట్లాదిమందిలో చాలామందికి చేయి నొప్పి తప్ప మరేమీ కాలేదు. అయితే ఐరోపాలో వాడిన ఒక టీకా వల్ల కొద్దిమంది పిల్లలకు పగటిపూట ఆపుకోలేని నిద్ర వచ్చే వ్యాధి కలిగిందని తర్వాత పరిశీలనలో తేలింది. ఆ టీకాను ఇప్పుడు వాడటం లేదు.

చూశారా? రెండుసార్లూ పేరు స్వైన్ ఫ్లూయే. రెండుసార్లూ టీకా కొత్తదే. కాని ఒకసారి వ్యాధి రాలేదు, మరొకసారి వచ్చింది. కనుక తక్కెడలో ఒక పళ్ళెంలో టీకా ప్రమాదాన్ని ఉంచినప్పుడు, రెండవ పళ్ళాన్ని ఖాళీగా వదలరాదు. అందులో వ్యాధి ప్రమాదాన్ని ఉంచాలి. లక్షలో ఒకరి ప్రమాదం వ్యాధి లేనిచోట ఎక్కువే. వ్యాధి వీధి వీధినా తిరుగుతున్నప్పుడు అది చాలా తక్కువ.

"ఆగి చూద్దాం" అనడం కూడా ఒక నిర్ణయమే. టీకా వేసిన తర్వాత శరీరంలో రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చాక పరుగెత్తితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే అవుతుంది.

సలహాలు మారడం చూసి కంగారు పడకూడదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు బహ్రెయిన్‌లో ఆరు వేలమందికి పైగా పౌరులు, ప్రవాసులు ఒక టీకా పరీక్షకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ఆ డిసెంబరు నుంచి ఇక్కడి వారందరికీ, మన వంటి ప్రవాసులకు కూడా, టీకాలు ఉచితంగా వేశారు. 2021లో అనుభవం పెరిగాక, పెద్దవారికీ, దీర్ఘవ్యాధులున్నవారికీ మరొక మోతాదు కావాలని చెప్పారు. తెలిసినది పెరిగితే సలహా మారడం సహజమే.

ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు ఈ అయిదు ప్రశ్నలు వేయండి. ఈ వ్యాధి మన ఊళ్ళో వ్యాపిస్తున్నదా? ఇది ఎవరిని ఎక్కువగా బాధిస్తున్నది? టీకాను ఎందరి మీద పరీక్షించారు? దాని వల్ల కలిగే ఇబ్బందులు ఏవి, ఎంతమందికి కలిగాయి? మన ఇంట్లో టీకా వేసుకోలేనివారు ఎవరైనా ఉన్నారా?

చివరి ప్రశ్నను మరువకండి. ఆరు నెలలు నిండని పసిపాపకు ఫ్లూ టీకా వేయరు. ఆ పాపకు రక్షణ కావాలంటే చుట్టూ ఉన్నవారు వేసుకోవాలి. చక్కెర వ్యాధి, ఉబ్బసం ఉన్న పెద్దలకు, గర్భిణులకు ఫ్లూ వస్తే ముప్పు ఎక్కువ. గతంలో టీకా వల్ల తీవ్రమైన ఇబ్బంది కలిగినవారు, జ్వరంతో ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

నిర్ణయం అమ్మానాన్నలది, సలహా వైద్యులది. మరి మీ పని ఏమిటి? ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే కాగితం సాధారణంగా అరబిక్‌లోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. దానిని చదివి, ఉన్నది ఉన్నట్లుగా, తగ్గించకుండా, పెంచకుండా, అమ్మమ్మకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగినవారు మీరే. మశూచిని అమ్మవారని మొక్కిన కాలం నుంచి, 1980లో అది ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించిన కాలం దాకా మన పెద్దలు నడిచి వచ్చారు. ఆ టీకా మచ్చ ఇప్పటికీ ఎందరో అమ్మమ్మల చేతి మీద ఉంటుంది. భయపడుతున్న పెద్దలను చూసి నవ్వకండి. వారి పక్కన కూర్చుని, వారి అనుమానమేమిటో విని, మీకు తెలిసినది చెప్పండి. తెలియనిదానిని వైద్యులనడిగి తెలుసుకుని చెప్పండి.

సెలవు.

ఆలోచించి చెప్పండి:
1. ఫ్లూ వైరస్‌ను పగటివేషగాడితో ఎందుకు పోల్చారు?
2. 1976, 2009 సంవత్సరాలలో జరిగినవాటికి గల తేడా ఏమిటి?
3. "ఆగి చూద్దాం అనడం కూడా ఒక నిర్ణయమే." ఈ మాటను మీ సొంత మాటలలో వివరించండి.
4. టీకాకు భయపడుతున్న మీ అమ్మమ్మకు ఒక ఉత్తరం రాయండి.