కుక్క మోకాటి బంధనము తెగినప్పుడు

(సంఘ సమావేశమునందు చేసిన ఉపన్యాస పాఠము)



కుక్క వెనుకకాలెత్తి కుంటినచో "నరము పట్టినది" అని నూనె రాయుట మన యిండ్లలో ఆచారము. అదే కుక్కను మద్రాసు వేపేరిలోని పశువైద్యశాలకు గొనిపోయినచో, అక్కడివారు తమిళమున "జవ్వు" తెగినదందురు. మనము నరమనుకొని వెళ్ళి, జవ్వని విని, రెండును ఒకటే యనుకొని తిరిగివత్తుము. తెగినది నరము కాదు, కండరమును కాదు. తొడయెముకను దాని క్రింది యెముకతో కట్టియుంచు గట్టి పట్టీ. పాఠ్యపుస్తకములలో సంధిబంధనమందురు, వైద్యులు లిగమెంటు అందురు. ఏ నూనెయు దానిని అతుకజాలదు.

మరియొక పొరపాటు కూడ కలదు. కుక్క వెనుకకాలిలో వెనుకవైపునకు కోణముగా కనబడు కీలును చాలమంది మోకాలనుకొందురు. అది మన చీలమండకు సరియైన కీలు. అసలు మోకాలు అంతకంటె పైన, పొట్టకు దగ్గరగా, ముందునకు వంగి యుండును. రాయవలసిన చోటు కానిచోట నూనె రాయువారిని నేనెరుగుదును.

మనము నిలుచున్నప్పుడు మోకాలు నిటారుగా నుండును. కుక్క నిలుచున్నను దాని మోకాలు వంగియే యుండును. క్రింది యెముక పైభాగము వెనుకకు వాలియుండును. అడుగు మోపినప్పుడెల్ల తొడయెముక ఆ వాలున వెనుకకు జారజూచును. వాలునేలమీద బరువుబండిని నిలిపి మోకుతో కట్టినట్లు, ఈ బంధనము దానిని పట్టియుంచును. మోకు ఒక్కనాటితో తెగదు. నారనారగా నలిగి, తుదకొకనాడు చిన్న గెంతుకు తెగును. కుక్కలలో తరచుగా జరుగునది ఇదియే. "అరుగుమీదనుండి దూకినది, అంతే" అని యజమాని చెప్పును గాని, ఆ దూకుడు కడపటి నారను మాత్రమే తెంచినది. లాబ్రడారు, రాట్‌వైలరు వంటి బరువైన జాతులలో ఈ వ్యాధి హెచ్చు.

గుర్తులు కష్టమైనవి కావు. కుక్క కాలివ్రేళ్ళ కొనలు మాత్రమే నేలకు ఆనించును. కూర్చున్నప్పుడు ఆ కాలును మడువక ప్రక్కకు చాపును. కొన్ని వారములకు ఆ తొడ రెండవ తొడకంటె సన్నబడును. వైద్యుడు క్రింది యెముకను పట్టి ముందునకు లాగినచో అది సొరుగువలె జారివచ్చును. ఎక్సురేలో తెగిన బంధనము కనబడదు గాని, కీలులో చేరిన నీరును, అంచులందు పెరిగిన యెముక ముక్కులును కనబడును. చిన్నజాతి కుక్కలలో మోకాటిచిప్ప తప్పుట వలనను ఇట్టి కుంటే కలుగును గనుక పరీక్ష తప్పదు.

ఇక్కడ మనలను మోసపుచ్చునదొకటి కలదు. పది పదునైదు దినములకు కుంటు తగ్గును. నయమైనదనుకొందుము. వాపు తగ్గినది గాని కీలు కుదురుకొనలేదు. అదుపులేని యెముక ఆ కీలులోని నెలవంక వంటి మెత్తని పలకను నలిపివేయును, వాతము చేరును. మరల కుంటు వచ్చునప్పటికి పని రెట్టింపగును.

పుత్తూరు మనకు దగ్గర. విరిగిన యెముకకు పుత్తూరు కట్టు పేరు పొందినది, ఆ పేరు ఊరక వచ్చినది కాదు. అయినను ఇది యెముక విరుగుట కాదు. బంధనము తెగిన మోకాటికి బిగించి కట్టిన కట్టు దానిని కలుపలేదు. పుండు మాత్రము చేయవచ్చును. వాతలు పెట్టుటను గూర్చి వేరుగ చెప్పను. మన మాత్రలను కుక్కకు వేయుట ఇంకను ప్రమాదము. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండములను చెరుచును. (ఆ డైక్లోఫెనాకే పశువుల కళేబరముల ద్వారా రాబందులను నిర్మూలించినందున 2006లో దానిని పశువులకు వాడుట మన దేశమున నిషేధించిరి.) నొప్పికి కుక్కలకు తగిన మందులు వేరుగ కలవు. వాటిని బరువునుబట్టి వైద్యుడే నిర్ణయింపవలెను.

చికిత్సకు రెండు దారులు. 1984లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశీలనలో, 15 కిలోలకు మించని కుక్కలలో నూటికి సుమారు 85, శస్త్రచికిత్స లేకయే, విశ్రాంతితో నయమైనవి లేదా మెరుగైనవి. అంతకు మించిన బరువుగలవానిలో నూటికి సుమారు 19 మాత్రమే. కాబట్టి చిన్నకుక్కకు వేచి చూడవచ్చును; పెద్దకుక్కకు వేచి చూచుట వృథాకాలయాపనము.

శస్త్రచికిత్సలు పలువిధములు. 1952లో ఫిన్లాండు దేశీయుడు పాట్సామా తొడమీది పొరనుండి పట్టీ తీసి క్రొత్త బంధనముగా అమర్చు పద్ధతిని వివరించెను. తరువాత కీలు వెలుపల గట్టి నైలాను దారము బిగించుట వాడుకలోనికి వచ్చినది. ఆ దారము పట్టియుండగనే చుట్టును కండ గట్టిపడి కీలును నిలుపును. 1993లో స్లోకం అను అమెరికా వైద్యుడు ప్రకటించిన పద్ధతి వేరు. యెముక పైభాగమును వంపుగా కోసి త్రిప్పి, పలకతో బిగించి, ఆ వాలునే తగ్గించును. వాలు లేనిచోట మోకుతో పని లేదు గదా! ఖర్చు హెచ్చు, నైపుణ్యము హెచ్చు. 1903లో నెలకొనిన వేపేరి కళాశాల వైద్యశాలలోగాని, తిరుత్తణివారు తిరుపతి కళాశాలలోగాని, తమ కుక్క బరువునకు ఏది తగునో అడిగి తెలిసికొనవలెను.

కోత ఒకనాటి పని. ఇంటిపని మూడు నాలుగు నెలలు. నేను గట్టిగా చెప్పదలచినది దీనిని గూర్చియే. మొదటి మూడు దినములు పూటకు పది నిమిషములు గుడ్డలో చుట్టిన మంచు పెట్టవలెను. కుట్లు నాకకుండ మెడకు గరాటు తొడుగవలెను. మూత్రవిసర్జనకు సైతము తాడుతోనే తీసికొనిపోవలెను. ఐదు నిమిషముల నడక, వారమునకు కొంచెము కొంచెముగా పెంచవలెను. నున్నని పలకల నేలమీద గోనెపట్టలు పరువవలెను. మేడమెట్లకు అడ్డుకట్ట వేయవలెను. అపాయమెల్ల మూడవ నాల్గవ వారములలోనే. అప్పటికి నొప్పి తగ్గును, కుక్క గెంతజూచును, ఇంటిల్లిపాదికిని జాలి పుట్టును. ఆ జాలితో తాడు విప్పినచో పలక కదలును, దారము తెగును. యెముక కోసినవానికి ఎనిమిది వారములకు ఎక్సురే తీసి, అతికినదని తెలిసిన మీదటనే స్వేచ్ఛ. తొడ కొలత టేపుతో నెలకొకసారి తీసి వ్రాసికొన్నచో మెరుగు తెలియును.

తిండి తగ్గించుట మనవారికి కోతకంటె కష్టము. కుంటికుక్కయని పెరుగన్నము అదనముగా పెట్టెదరు. తిరుగని కుక్కకు ఆ అన్నము కొవ్వగును, కొవ్వు మోకాటికి బరువగును. కుక్కనెత్తుకొని తూచుకొని, తమ బరువు తీసివేసినచో లెక్క తేలును.

కుంటికుక్క కాపలాకు పనికిరాదని దూరమున విడిచివచ్చువారును కలరు. తిరుత్తణి ఆంధ్రనుండి మద్రాసు రాష్ట్రమున చేరిన 1960లోనే, రుక్మిణీదేవి అరండేల్ పూనికతో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును కారణము లేక విడిచిపెట్టుట దానిప్రకారము నేరము. చట్టమటుండగా, నాలుగు నెలల ఓపికకు తిరిగి నడువగల ప్రాణి అది.

చివరకొక మాట. ఒక మోకాలు తెగిన కుక్కలలో పదింట మూడు మొదలు ఐదింటికి, ఏడాది రెండేండ్లలో రెండవ మోకాలును తెగును. కాబట్టి వైద్యునికి చూపునప్పుడు కుంటని కాలును కూడ చూపుడు. ఖర్చు లెక్కవేసికొనునప్పుడు దానిని కూడ లెక్కలో చేర్చుకొనుడు. ఇక ప్రశ్నలున్నవారు అడుగవచ్చును.