ఊకబూడిదయు రబ్బరును
(ఫిల్మ్ నగర్ సభలో చేసిన యుపన్యాసము)



నేటి మా యుపన్యాసము అక్షరాల ఊకదంపుడే. వడ్లు మరపట్టగా మిగిలిన ఊకను గూర్చియు, ఆ ఊక కాలగా మిగిలిన బూడిదను గూర్చియు మాటాడుటకే వచ్చియున్నాము.

ఇచ్చట మీరు చెక్కతోడను ప్లాస్టరుతోడను రాతికోటలు నిలుపుదురు. లోపల డొల్లయని చూచువారికిని తెలియును గనుక దానిని మోసమని యెవ్వరు ననరు. రబ్బరు పరిశ్రమలోను నిట్టిదే యొకటి కలదు. 1839లో చార్లెస్ గుడ్‌యియర్ గంధకముతో రబ్బరును గట్టిపరచు మార్గమును కనుగొనెను. అయినను వట్టి రబ్బరు చక్రముల యొరపిడికి తాళదు. కావున మసిని, సుద్దను, చీనామట్టిని, సిలికాను కలుపుదురు. వీనికి పూరకములని పేరు. కొన్ని బలమిచ్చును, కొన్ని వెలను మాత్రము తగ్గించును. టైరు తూకములో రమారమి నాలుగవ పాలు మసియే. అది ముడిచమురు శుద్ధిలో మిగిలిన బరువు నూనెలను కాల్చి తీసినది. మన ముడిచమురో, నూటికి 80 పాళ్లకు పైగా పరదేశములనుండి కొనునదియే.

ఇక మన బూడిద మాట. మిర్యాలగూడ ప్రాంతపు ఉప్పుడుబియ్యపు మిల్లులలో బాయిలరులకు ఊకయే వంటచెరకు. 1000 కిలోల వడ్లకు సుమారు 200 కిలోల ఊకయు, అది కాలగా 40 కిలోల బూడిదయు మిగులును. ఆ బూడిదలో నూటికి 85 మొదలు 95 పాళ్ల వరకు సిలికా. వరిమొక్క నేలనుండి పీల్చి ఊకలో దాచినది. ఇసుకనుండి సిలికా తీయుటకు దానిని సోడాతో 1300 డిగ్రీల ప్రాంతమున కరగింపవలెను. ఊకబూడిద యైనచో క్షారజలములో 100 డిగ్రీల చెంత మరిగించిన చాలును. అమెరికా దేశపు గుడ్‌యియర్ కంపెనీ యీ సిలికాను టైర్లలో వాడుదుమని 2014లో ప్రకటించెను. (పేరొకటే గాని, పాపమాతడు అప్పులలో మరణించిన 38 ఏండ్లకు పుట్టిన కంపెనీ యది.) మేమో, ఒక మిల్లు చెంత ఆరవేసిన బట్టలు బూడిద గాలికి నల్లబడుటను చూచి వచ్చితిమి.

బూడిదను తిన్నగా రబ్బరులో పోసిన బలము రాదు. దాని రేణువు మసి రేణువుకంటె ఎన్నో రెట్లు పెద్దది. కాలని బొగ్గును అందు మిగిలియుండును. మెత్తగా విసరి, సిలేను పూసినగాని రబ్బరు దానిని గట్టిగా పట్టుకొనదు. శుద్ధి చేయనిది గుమ్మము ముందటి పట్టలకు చాలును గాని బస్సు టైరునకు తగదు. కొనువానికి తెలిపి కలుపుట పూరకము, దాచి కలుపుట కల్తీ. న్యాయవాదులమైన మాకు ఇందు సందేహము లేదు.

మరియొక భయము కలదు. మిక్కిలి వేడిమిలో కాలిన బూడిదయందలి సిలికా స్ఫటికమగును. ఆ ధూళి విసరువాని యూపిరితిత్తులను తినివేయును. పరదేశపు చమురు మిగుల్చుకొందుమని మన కూలివాని రొమ్ము నిచ్చుటకు మేము సమ్మతింపము. కావున బాయిలరు వేడిమిని బట్టి బూడిదను వేరువేరుగా పోయింపవలెను, విసరుచోట ధూళిని పీల్చు యంత్రము నుంపవలెను.

ఈ సభలో మిల్లులు గల కుటుంబములవారు నున్నారని వింటిమి. సభానంతరము వారితో మాటాడగోరుచున్నాము.